చిన్నమ్మ 'బాగున్నాను' అంటోంది

మాణిక్యం వదినగారికి జువ్వలమెట్ట నుంచి తాయారు నమస్కారాలు.

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకండి. నాకు నాలుగో తరగతి అవుతుండగా మా బడిలోకి నీళ్ళొచ్చాయి. తగ్గాక వెళదామనుకున్నాం గానీ అవి మళ్ళీ తగ్గలేదు. అందుకని ఒత్తులెక్కడో దీర్ఘాలెక్కడో నాకు సరిగ్గా తెలియదు. అక్షరాలు పీతల్లాగా పక్కకి నడుస్తాయి. మీరే కాస్త పట్టుకుని నిలబెట్టి చదువుకోండి.

ఇక్కడ మీరు పన్నెండేళ్ళు కాపరిగా ఉన్నారు. మీ మోకాళ్ళ నొప్పుల వల్ల ఆ పని నాకు వచ్చింది. ఎలా చేస్తున్నానో రోజూ కాస్త రాసి ఉంచమన్నారు కదా. సరుకుల పడవ వచ్చినప్పుడు అన్నీ కలిపి పంపుతాను. లైనులో చెప్పొచ్చు గానీ లైనులో అందరూ వింటారు. నాకు నోరు పెగలదు.

బహుళ పంచమి

పడవలు బయల్దేరే వేళకి లేచాను. మీరు చెప్పిన వరసలోనే చేశాను. ముందు బ్యాటరీల కొసల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. తరవాత గాలి వడకట్టే గుడ్డ విప్పి ఉతికి ఆరేశాను. ఫ్యాన్ల దగ్గర చెవి పెట్టి విన్నాను. ఆఖరికి చిన్నమ్మ ముందు నిలబడి దీపాలు చూశాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి.

నాకు అర్థమైనది సరో కాదో మీరు చెప్పాలి. నీళ్ళలో మిగిలిన ఈ మెట్టలన్నిటి మధ్యా మాటలు మోసే మిషను ఉప్పుమెట్టలో మీ తమ్ముడి దగ్గరున్న పెద్దమ్మ. మన చిన్నమ్మ స్పేరు. ఏ పనీ చెయ్యదు, కానీ అక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అంతా వింటూ గుర్తు పెట్టుకుంటూ కూర్చుంటుంది. రెండూ రెప్పపాటుకోసారి "ఉన్నావా?" "ఉన్నాను" అని పలకరించుకుంటాయి. పెద్దమ్మకి ఏమైనా అయితే, మాట్లాడేవాళ్ళకి తెలియకుండా, మాట మధ్యలోంచే చిన్నమ్మ అందుకోవాలి. అంతేనా?

ఆ మిషన్లలాగే కాపరులూ జంటే. రెండు మిషన్లూ మేలుకుని ఉన్నంతకాలం ఇద్దరు కాపరులూ ఒక పడవ ఎక్కకూడదు, ఒక మెట్ట మీద ఉండకూడదు. మునిగితే ఒక్కరే మునగాలట. మరి మొగుడూ పెళ్ళాలనే ఎందుకు పెడతారని గవర్రాజుగారిని మా నాన్న పెళ్ళిచూపుల్లోనే అడిగాడు. లైను తెగితే వెంటనే తెలిసిపోతుందని చెప్పారాయన. లైను కచేరీకి పెద్ద కదా, ఆయన వేళాకోళం ఆడుతున్నారో నిజం చెబుతున్నారో మొహం చూసి పోల్చుకోలేం.

తరవాత పొద్దుటి తనిఖీ. అన్ని మెట్టల వాళ్ళూ లైనులో ఉన్నారు.

"జువ్వలమెట్ట! చిన్నమ్మ ఎలా ఉందమ్మా?" అన్నారు గవర్రాజుగారు.

"బాగుందండి."

"కాపరి ఎలా ఉన్నారు?"

"బాగున్నానండి."

"జోడు కాపరి పేరు?"

నేను పలకలేదు.

"అమ్మా, జోడు కాపరి పేరు."

"ఆయనేనండి."

రెల్లుమెట్ట బంగారమ్మగారు పకపకా నవ్వారు. "ఆయనంటే ఎవరే పిల్లా? సముద్రుడా?"

"ఇది తనిఖీ అండీ, మధ్యలో మాట్లాడకూడదు," అన్నారు గవర్రాజుగారు. "పేరు చెప్పాలమ్మా. రూలు."

"త్రిమూర్తులు, ఉప్పుమెట్ట," అని మీ తమ్ముడే అందుకున్నారు. "ఆవిడ తరఫున కూడా నేనే చెప్పేశాను సార్. రాసేసుకోండి."

సిగ్గుతో చచ్చిపోయాను. వెనకాల చిన్నమ్మ కూడా ఫ్యాను ఓసారి గట్టిగా తిప్పింది. నవ్వినట్టే ఉంది.

బహుళ సప్తమి

మంచి సంగతి. అమావాస్యకి పెద్దమ్మని నిద్రపుచ్చుతారట, బ్యాటరీలన్నీ మార్చడానికి. చంద్రుడు సగం పెరిగేదాకా మాటలన్నీ చిన్నమ్మే మోస్తుంది. పెద్దమ్మ నిద్రపోతే మీ తమ్ముడికి అక్కడ పని లేదు. అందుకని ఇక్కడికి వస్తారు!

మాఘంలో పెళ్ళయింది. ఆ మర్నాడు ఆయన పడవ అటు, నా పడవ ఇటు. రోజూ లైను ఖాళీ అయ్యాక మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆయనకి చింతచిగురు ఇష్టమనీ, నిద్రలో పళ్ళు కొరుకుతారనీ, చిన్నప్పుడు మీరు చెట్టుకి కట్టేశారనీ అన్నీ తెలుసు. మొహమే సరిగ్గా గుర్తు లేదు. పెళ్ళిలో తలెత్తి చూడలేదు మరి.

దుప్పట్లు ఉతికాను. గుమ్మడికాయ వడియాలు పెట్టాను. ఈ మెట్ట మీద ఏదీ ఆరదు కదా, చెమ్మ. మీరు చెప్పినట్టే చిన్నమ్మ వెనక గాలి వదిలే కంత దగ్గర చాప పరిచి పెట్టాను. ఎంత బాగా ఎండుతున్నాయో వదినగారూ! మొదట్లో నెమ్మదిగా, రెండు మూడు రోజులకి గానీ ఎండేవి కావు. ఇప్పుడు పొద్దున పెడితే మధ్యాహ్నానికి గలగలమంటున్నాయి. పొరుగు వాళ్ళు చేపలు కూడా తెచ్చి పక్కన పరుచుకున్నారు. చిన్నమ్మ చలవ అంటూ దణ్ణం పెట్టి వెళ్ళారు. నాకూ గొప్పగానే అనిపించింది.

బహుళ నవమి

వడియాలు మాడాయి.

ఎండడం కాదు, అంచులు గోధుమ రంగుకి తిరిగాయి. కంత దగ్గర చెయ్యి పెట్టి చూస్తే పెనం మీద పెట్టినట్టుంది. అప్పుడు తోచింది నాకు. పని చేసేది పెద్దమ్మ. ఊరికే కూర్చుని వినే దానికి ఇంత వేడెందుకు?

వెళ్ళి దీపాలు చూశాను. పచ్చగానే ఉన్నాయి.

"చిన్నమ్మా, బాగున్నావా?" అన్నాను.

"బాగున్నాను తాయారమ్మా. నువ్వు తిన్నావా?"

"వేడిగా ఉంది కదా?"

"ఎండాకాలం కదమ్మా. ముందు నువ్వు తిను."

మీ గొంతే, అచ్చం మీ గొంతే. పలకరింపులన్నీ మీరే నేర్పారని మీ తమ్ముడు చెప్పారు. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానని చెప్పి, వాళ్ళని తిన్నావా అని అడగాలి. మర్యాద తెలిసిన మిషను. ఇంకే ఊళ్ళోనైనా మిషను ఇలా అడుగుతుందా అని మురిసిపోయేదాన్ని.

మధ్యాహ్నం మీ తమ్ముడికి చెప్పాను.

"దీపం పచ్చగా ఉందిగా," అన్నారు.

"దీపం వెలిగించేది కూడా చిన్నమ్మేనండి."

"అమావాస్య ఇంకెంతో లేదు తాయారూ," అన్నారు, కాస్త నెమ్మదిగా. "నీకు ఓ చీర కూడా తీసి ఉంచాను. రంగు చెప్పను."

నేనింక ఆ ఊసు ఎత్తలేదు.

బహుళ ఏకాదశి

ఇవాళ నీళ్ళ పంపు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. సముద్రం నీళ్ళు రెండు గొట్టాల్లో లోపలికి వచ్చి చిన్నమ్మ ఒంటిని చల్లబరిచి బయటికి పోవాలి. బయటికి పోయే ధార చూశాను. నా చిటికెన వేలంత కూడా లేదు.

లోపలికొచ్చి అడిగాను. బాగున్నానంది. మళ్ళీ అడిగాను. బాగున్నాను, నీ మొహం పీక్కుపోయింది ఏమిటంది. మూడోసారి అడిగితే వంటేం చేశావంది.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మొన్న నాకు జ్వరం వచ్చినప్పుడు అమ్మ లైనులో అడిగితే, దుప్పటి కప్పుకుని వణుకుతూనే బాగున్నానమ్మా అన్నాను. చిన్నమ్మ కొత్తగా ఏం చెయ్యడం లేదు. మనమందరం చేసేదే చేస్తోంది. అమ్మ ఊరుకుందా? ఊరుకోలేదు. ఏం చేసిందో నేనూ అదే చేశాను. వదినగారూ, మీరు కోప్పడకూడదు.

చిన్నమ్మ పెట్టె మీద చెయ్యి వేసి, "నిజం చెప్పు. మాణిక్యం వదిన మీద ఒట్టు," అన్నాను.

ఫ్యాన్లన్నీ ఒక్కసారి చిన్నబోయాయి.

"ఒట్టు వెయ్యకే."

"వేసేశాను."

"ఆవిడ నన్ను కన్నబిడ్డలా చూసింది. ఆవిడ మీద వెయ్యడానికి నీకు నోరెలా వచ్చింది?"

"నా మీద వేస్తే నువ్వు నమ్మవు. మనకి పరిచయమై ఎంతో కాలం కాలేదు. చెప్పు."

తరవాత ఒక్కో దీపమే, ముసలివాళ్ళు మెట్లు దిగినట్టు, పచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి దిగింది.

"ఒళ్ళు కాలిపోతోందమ్మా," అంది. "ఒక గొట్టంలో నీళ్ళు అసలు రావడం లేదు. రెండోదీ మూసుకుపోతోంది. కూర్చోగలను. మాటలు మోయమంటే మాత్రం పడిపోతాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"అబ్బాయి వస్తాడని నువ్వు దుప్పట్లు ఉతుక్కుంటున్నావు. నేను బాగాలేనంటే పెద్దమ్మని నిద్రపుచ్చరు. పెద్దమ్మ నిద్రపోకపోతే అబ్బాయి రాడు కదా."

నేను పెట్టె పక్కనే చతికిలబడి ఏడ్చాను. చిన్నమ్మ తిన్నావా అని అడగలేదు. ఫ్యాను ఒకటి నా వైపు తిప్పింది. అదీ వేడి గాలే అనుకోండి.

బహుళ ద్వాదశి

పొద్దుటి తనిఖీలో నా వంతు రాలేదు. మెట్ట మెట్టకీ గాలి సంగతి చెప్పడంలోనే వేళ అయిపోయింది. అందరూ పడవల గురించే మాట్లాడుతున్నారు. వేట ముమ్మరంగా ఉంది. రెల్లుమెట్ట నుంచి ఒకావిడ సముద్రంలో ఉన్న తన మొగుడికి చెబుతోంది, "దక్షిణం నుంచి గాలి తిరుగుతోందట, ఇటు వచ్చెయ్యి." అతను, "ఆఁ, తిప్పేశానే," అన్నాడు.

ఆ మాట పెద్దమ్మ మోసింది. అమావాస్య నాడు అదే మాట చిన్నమ్మ చేతిలో ఉంటుంది. "ఇటు వచ్చెయ్యి" అనేది వినపడక ముందే పడిపోతే?

పిండి రుబ్బుతూ ఇదే ఆలోచించాను. నేను చెప్పకపోతే ఆయన వస్తారు. చెబితే రారు. ఇంత చిన్న లెక్కకి పిండి మొత్తం అవసరానికి మించి మెత్తగా అయిపోయింది.

బహుళ త్రయోదశి

గవర్రాజుగారు పిలిచారు.

"జువ్వలమెట్ట! చిన్నమ్మ ఎలా ఉందమ్మా?"

"బాగాలేదండి."

నా గొంతు నాకే వినపడింది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పేశాను. వడియాలు మాడిన దగ్గర నుంచి గొట్టాల దాకా అన్నీ చెప్పాను. ఒట్టు సంగతి మాత్రం చెప్పలేదు.

"దీపాలు పచ్చగా ఉన్నాయని రోజూ చెప్పావు కదమ్మా?"

"ఉన్నాయండి. మర్యాదకి వెలిగించిందండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గవర్రాజుగారు నవ్వలేదు. "మంచి పని చేశావు. అయితే అమావాస్యకి మార్పిడి లేదు. గొట్టాలు బాగుచేసే వాళ్ళు ఇప్పుడు ఉత్తరం వైపు మెట్టల్లో ఉన్నారు. పున్నమి దాటాక పంపుతాను. అంతదాకా పెద్దమ్మే మోస్తుంది. త్రిమూర్తులూ, నువ్వు అక్కడే ఉండాలి."

"అలాగే సార్," అన్నారు మీ తమ్ముడు. ఆ 'అలాగే' విని నేను మడతపెట్టి ఉంచిన దుప్పట్ల వైపు చూశాను.

"సరే. కాపరి ఎలా ఉన్నారు?"

రోజూ చెప్పేదే చెప్పాలి కదా వదినగారూ. నోట్లో తయారుగానే ఉంది. కానీ మొన్ననే ఒట్టు వేసి చిన్నమ్మ చేత నిజం చెప్పించినదాన్ని.

"నేనూ బాగాలేనండి," అన్నాను.

"జ్వరమా అమ్మా?"

"కాదండి."

"మరి?"

"పెళ్ళయ్యాక ఆయన్ని చూడలేదండి. మొహం గుర్తు రావడం లేదండి."

చెప్పానో లేదో చీర కొంగు మొహాన కప్పేసుకున్నాను. ఎవరు చూస్తారనో. ఆ తరవాత బంగారమ్మగారి గొంతు ఖంగుమంది.

"ఏవయ్యా గవర్రాజూ! కాపరి బాగాలేకపోతే జోడు కాపరి వెళ్ళి చూడాలని రూలుందా లేదా?"

"ఉంది. అయితే అది ఒంట్లో బాగాలేకపోతే..."

"ఏ ఒంట్లోనో రూల్లో రాశారా?"

"రాయలేదు గానీ..."

"మరింకేం! పంపించు ఆ కుర్రాణ్ణి."

"పెద్దమ్మని ఎవరు చూస్తారండీ?"

"కచేరీలో కూర్చుని రోజూ మమ్మల్ని ఎలా ఉన్నారని అడుగుతావుగా. నువ్వే వెళ్ళి రెండ్రోజులు ఉండి చూడు, ఎలా ఉంటుందో."

అప్పుడు నవ్వారు వదినగారూ, మెట్టలన్నీ. ఉత్తరం వైపు నుంచి ఎవరో ఈల కూడా వేశారు. "తనిఖీ! ఇది తనిఖీ!" అని గవర్రాజుగారు అరుస్తూనే ఉన్నారు. మీ తమ్ముడు మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. మధ్యాహ్నం విన్నాను, ఆయన అప్పటికే పడవలో నీళ్ళకుండ పెట్టుకుంటున్నారట.

బహుళ చతుర్దశి

వచ్చారు.

పొడుగ్గా ఉంటారు, నేను అనుకున్నదానికంటే. ఎడమ కనుబొమ్మ మీద ఓ మచ్చ. అది మీరు చెట్టుకి కట్టేసినప్పటిదేనా?

రేవు దగ్గర ఆయన నన్ను చూశారు, నేను పడవని చూశాను. "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అన్నాను. "ఆఁ," అన్నారు. ఇంటికొచ్చాం. అన్నం పెట్టాను. "కూర బాగుంది," అన్నారు. "ఆఁ," అన్నాను. రోజూ లైనులో గంటలకొద్దీ మాట్లాడుకునే వాళ్ళమే. ఎదురెదురుగా కూర్చునేసరికి ఇద్దరికీ మాటలు అయిపోయాయి. ఆయన గోడ మీద బల్లిని చూస్తున్నారు. నేను మూకుడు తోముతూనే ఉన్నాను, తళతళలాడిపోతోంది.

కాసేపటికి ఆయన లేచి పంపు గదిలోకి వెళ్ళారు. గొట్టం చూడ్డానికి అనుకున్నాను. ఇంతలో మిషను గదిలో లోపలి ఫోను మోగింది. తీశాను.

"తాయారూ, వినపడుతోందా?" అన్నారు. గోడకి అటుపక్క నుంచి.

"ఆఁ, బాగా వినపడుతోందండి."

"నాకు కంగారుగా ఉంది."

"నాకూనండి."

"చీర నీలం రంగు. బాగుంటుందో లేదో."

తరవాత చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో రాయను. చివరికి, "ఇక ఫోను పెట్టేసి ఇటు వచ్చెయ్యండి, అన్నీ లైనులోనే చెబితే ఎలా," అంది చిన్నమ్మ. మధ్యలో వింటూ కూర్చుందని మర్చేపోయాం. వినడమే దాని పని కదా!

అమావాస్య

పొద్దున్నే పాటుకి సముద్రం బాగా వెనక్కి తీసింది. గొట్టాల మూతులు బయటపడ్డాయి. ఆల్చిప్పలు! ఒకదాని మీద ఒకటి, కుటుంబాలకి కుటుంబాలు కాపురం పెట్టేశాయి. ఆయన నడుం లోతు నీళ్ళలో దిగి గొట్టంలో ఇనుప చువ్వ పెట్టి పొడిచారు. నేను లోపల పంపు వెనక్కి తిప్పుతూ, ఆపుతూ ఉన్నాను. "తిప్పు!" "ఆపు!" "తిప్పవే!" ఈసారి ఫోను లేదు, కేకలే. సిగ్గుపడే తీరిక లేదు. ఒకసారి నేను ముందే తిప్పేశాను. గొట్టంలోంచి నీళ్ళూ ఆల్చిప్పలూ వెళ్ళి ఆయన మొహాన కొట్టాయి. నేను నోరు మూసుకుని నవ్వాను. ఆయన గట్టిగానే నవ్వారు.

రెండు గొట్టాల్లోనూ ధార నా మణికట్టంత లావున వచ్చింది. చిన్నమ్మ "అమ్మయ్య" అంది. అది మీరు నేర్పారా, తనే నేర్చుకుందా?

ఎండ వాలేసరికి కంత దగ్గర గాలి గోరువెచ్చగా మారింది. గవర్రాజుగారికి కబురు చెప్పాం. ఆయన పెద్దమ్మ పక్కనే ఉన్నారు. ఒకటికి రెండుసార్లు లెక్కలన్నీ అడిగి, "అయితే మార్పిడి చేద్దాం," అన్నారు.

ఆ నిమిషంలో బంగారమ్మగారు ఎవరితోనో చేపల ధర మీద గొడవ పెట్టుకుంటున్నారు. పెద్దమ్మ వదిలేసింది, చిన్నమ్మ అందుకుంది. బంగారమ్మగారి తిట్టులో ఒక్క అక్షరం కూడా జారిపడలేదు. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. నేను పెట్టె మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. నిజంగానే.

శుద్ధ విదియ

మెట్టల మాటలన్నీ చిన్నమ్మ మోస్తోంది, ఓపికగా, ఒక్కదాన్నీ వదలకుండా. కాకపోతే మర్యాద పూర్తిగా పోయింది. బాగున్నావా అని అడిగితే చాలు, ఎడమ ఫ్యాను గొణుగుతోంది, కిటికీలోంచి ఉప్పుగాలి కొడుతోంది, మూడో బ్యాటరీ కొస సరిగ్గా తుడవలేదు, అంటూ ఏకరువు పెడుతోంది. మధ్యలో ఆపడానికి లేదు. మీరు పన్నెండేళ్ళు ఎలా వేగారో ఇప్పుడు అర్థమైంది, కాదు, మీకు ఇదేమీ చెప్పి ఉండదు పాపం.

గవర్రాజుగారు పెద్దమ్మ దగ్గర ఉన్నది రెండు రోజులే. కచేరీకి తిరిగి వెళ్ళగానే కొత్త రూలు చదివి వినిపించారు. ఇకనుంచి ప్రతి అమావాస్యకీ ఒక మిషను నిద్రపోవాలట, వంతులవారీగా. మిషన్ల ఆరోగ్యం కోసమే అన్నారు. ఎవరూ నవ్వకూడదని కూడా అన్నారు.

అంటే వచ్చే నెల చిన్నమ్మ నిద్రపోతుంది, నేను ఉప్పుమెట్టకి వెళతాను. పడవలో నేనొక్కదాన్నే. భయం లేదు.

సరుకుల పడవ రేవులో ఉంది, త్వరగా ముగిస్తున్నాను. మీ తమ్ముడు నీళ్ళు తోడుతున్నారు, చూడలేదు. వదినగారూ, మీరు చదివిన వెంటనే ఈ కాగితాలు పొయ్యిలో పెట్టెయ్యండి. మీ మీద ఒట్టు వేసిన సంగతి ఇందులో ఉంది. త్రయోదశి నాడు నేనన్నది కూడా ఉంది. అది లైనులో అందరూ విన్నారు, నిజమే. కానీ విన్నది నెల తిరిగేసరికి మరిచిపోతారు. రాసింది ఎవరైనా తీసి మళ్ళీ చదువుతారు, మా ఆయన చదివితే ఇంక నేను తలెత్తలేను. ఇప్పుడిప్పుడే ఎత్తి చూడ్డం అలవాటవుతోంది. కాల్చెయ్యండి.